పదో నంబరు ట్యూబు

"లిఫ్టు మెకానిక్ ఈ కుర్చీలోనే కూర్చున్నాడండీ. పది గంటల పదిహేను నిమిషాలకి. కుడిచేతి నుంచి తీశాను" అన్నాడు రక్తం తీసే ఆయన.

"పదిహేనా? పద్నాలుగా?" అడిగాడు డిటెక్టివ్.

రక్తం తీసే ఆయన నవ్వేశాడు. "మిమ్మల్ని నిమిషాలాయన అని ఊరికే అనరన్నమాట. పదిహేనే. ట్యూబు మీద నా చేత్తోనే రాశాను."

అది ఆస్పత్రి మొదటి అంతస్తులో, లిఫ్టుకి ఆనుకుని ఉన్న చిన్న గది. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద ఐసు నింపిన డబ్బా, గోడకి గడియారం. గదిలో అంతకు మించి ఏమీ లేదు. రక్తం తీసే ఆయనకి యాభై దాటి ఉంటాయి. భారీ శరీరం. కుడి మోకాలు అరిగిపోయి, నాలుగు అడుగులు వేస్తే ఐదో అడుగుకి గోడ పట్టుకోవాలి. కానీ ఆ చెయ్యి మాత్రం చెయ్యి కాదు, వరం. ఆయన సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు. సూదిని చూస్తేనే కళ్లు తేలేసేవాళ్లు కూడా ఆయన దగ్గర కబుర్లు చెబుతూ కూర్చుంటారు. ఆస్పత్రిలో అందరికీ ఆయన 'మెత్తచెయ్యి'. అసలు పేరు జీతాల గుమస్తాకైనా గుర్తుందో లేదో.

"డాక్టరమ్మ పరిశోధనకి రక్తం ఇచ్చాక ఎక్కడికి వెళుతున్నానని చెప్పాడు?"

"లిఫ్టు గుంతలోకి దిగి చూస్తానన్నాడండీ. పొద్దుట్నుంచీ అది మొరాయిస్తోంది. చూడు నాయనా అని నేనే అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడు నా మనసు పీకేస్తోంది." మెత్తచెయ్యి కళ్లు తుడుచుకున్నాడు.

డిటెక్టివ్ ఆ కుర్చీ వైపే చూస్తున్నాడు. రక్తం ఇచ్చేవాళ్లు చెయ్యి ఆనించుకోవడానికి దానికి ఒక పలక ఉంది. ఎడమపక్కన మాత్రమే ఉంది. కుడిపక్కన గోడ. ఆయన దాని గురించి ఏమీ అడగలేదు. చిన్న పుస్తకంలో రెండు మాటలు రాసుకుని, పన్నెండూ నలభై మూడుకి ఆ గదిలోంచి బయటికి వచ్చాడు.

కేసు చూడటానికి చాలా చిన్నది. మూడు రోజుల కిందట ఉదయం పదకొండు నలభైకి లిఫ్టు గుంతలో మెకానిక్ నలిగిపోయి కనిపించాడు. లిఫ్టు పైకి వెళితే దాని తాడుకి రెండో కొసన ఉన్న ఇనప దిమ్మ కిందికి దిగుతుంది. గుంతలో మనిషి పని చేస్తున్నప్పుడు పైన ఎవరో స్విచ్ వేశారు. దిమ్మ దిగింది. ఎడమ భుజం నుజ్జయింది, ఎడమ తొడ ఎముకా నాలుగు పక్కటెముకలూ విరిగాయి. మనిషి బతికున్నాడు, ఐసీయూలో ఉన్నాడు. ఇంకా నోరు విప్పలేదు.

స్విచ్ వేసింది ఎవరన్నదే ప్రశ్న. ఇన్‌స్పెక్టర్ దానికి జవాబు రాసేసుకుని కింద గీత కూడా గీసేశాడు. ఆస్పత్రి ఎలక్ట్రీషియన్‌కీ మెకానిక్‌కీ వారం రోజులుగా మాటల్లేవు. ఆ రోజు పదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఎలక్ట్రీషియన్ లిఫ్టు స్విచ్చు పక్కనే ఒంటరిగా వరండా దీపాలు బిగిస్తున్నాడు. అంతకుముందు, ఏడున్నర నుంచి పది ఇరవై దాకా, ఆపరేషన్ గదిలో ఆరుగురి కళ్లెదుటే ఉన్నాడు. అంటే దెబ్బ పది ఇరవైకి ముందు తగిలి ఉంటే అతను నిర్దోషి, తర్వాత తగిలి ఉంటే దోషి. మెకానిక్ పది పదిహేనుకి నిక్షేపంలా ఉన్నాడని మెత్తచెయ్యి చెబుతున్నాడు, ట్యూబు కూడా చెబుతోంది. ఇవాళ రెండు గంటలకి ఎలక్ట్రీషియన్‌ని హత్యాయత్నం కింద కోర్టులో నిలబెడతారు.

డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఎలక్ట్రీషియన్ అక్క. ఐసీయూలో నర్సు. తమ్ముడు చంపబోయాడని పోలీసులంటున్న మనిషికి మూడు రోజులుగా మందులు వేస్తున్నదీ, పక్క సర్దుతున్నదీ ఆవిడే. రెండో అంతస్తు మెట్ల దగ్గర ఆవిడ ఎదురొచ్చింది.

"అన్నా, పొద్దున ఊపిరి గొట్టం తీసేశారు. మత్తు తగ్గిస్తున్నారు. రెండింటికల్లా మాట్లాడొచ్చట" అంది. "మా వాడే స్విచ్ వేశాడని ఆయన నోటితో అంటే నేనేం చెయ్యాలి?"

"అంటాడనుకుంటున్నావా, చెల్లెమ్మా?"

"అనుకోవట్లేదు. అయినా భయంగా ఉంది." "మావాడికి కోపం ఎక్కువే. కానీ లోపల మనిషుంటే స్విచ్ వెయ్యడు. మెకానిక్ లోపలికి దిగేటప్పుడు స్విచ్చుకి ఎర్ర చెక్క తగిలించి, దానికి తన చేతి గడియారం వేలాడదీస్తాడు. గడియారం వేలాడుతుంటే మనిషి లోపలున్నట్టు. ఈ ఆస్పత్రిలో చీపురు పట్టేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు."

"ఆ రోజు చెక్క ఉంది కదా?"

"చెక్క ఉందట. గడియారం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పటిదాకా దొరకనూ లేదు."

ఐదో అంతస్తు ఎక్కేసరికి డిటెక్టివ్‌కి నాలుగు నిమిషాలు పట్టింది, ఊపిరి అందడానికి మరో నిమిషం. పరిశోధన డాక్టరమ్మ కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని అదే కళ్లజోడు కోసం బల్లంతా వెతుకుతోంది.

"నెత్తిమీదుందమ్మా" అన్నాడు ఆయన రొప్పుతూ.

"ఇదే నేను చేసే పరిశోధన అని చెప్పకండి బయట" అంటూ ఆవిడ జోడు దించుకుంది. "ఏం కావాలి?"

"మీరు కొట్టేసిన పదో నంబరు."

డాక్టరమ్మ మొహం మారింది. ఆవిడ పుస్తకంలో ఆ తేదీ కింద పది అంకెలున్నాయి. పదో అంకె మీద ఎర్ర గీత, పక్కన 'పాడైంది' అన్న మాట. నిన్న ఆవిడ పక్కకి తిరిగినప్పుడు డిటెక్టివ్ చూసిందంతా అంతే. రాత్రంతా ఆ గీత ఆయన కంట్లో నలుసులా ఉండిపోయింది.

"అది చెబితే అర్థం కావాలంటే మొదట్నుంచీ చెప్పాలి" అంది డాక్టరమ్మ. "మన ఒంట్లో నొప్పి మందు తయారవుతుంది, తెలుసా? ఎన్‌కెఫలిన్ అంటారు. ఐదే ఐదు పూసల గొలుసనుకోండి. మార్ఫిన్ వెళ్లి ఏ తలుపు తడుతుందో ఇదీ అదే తలుపు తడుతుంది."

"అలాంటప్పుడు మనకీ నొప్పులెందుకమ్మా? నా మోకాళ్లని అడగండి."

"రక్తంలో కత్తెరలున్నాయి కాబట్టి. ఎంజైములు. గొలుసు కనిపిస్తే చాలు, ముక్కలు చేసేస్తాయి. నేను చేసేదల్లా ఒకటే. రక్తం తీసుకుని, కణాలు వేరుచేసి, పైన తేలే పసుపుపచ్చటి నీళ్లలో ఈ గొలుసుని కొలిచి వేస్తాను. రెండేసి నిమిషాలకోసారి ఎంత మిగిలిందో చూస్తాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నా లెక్క ప్రకారం పది, పన్నెండు నిమిషాల్లో సగం పోతుంది."

"మరి దెబ్బ తగిలినవాళ్లలో?"

డాక్టరమ్మ లేచి వెళ్లి కిటికీ పక్కన నిలబడింది.

"నాలుగేళ్లుగా చూస్తున్నాను. ఎముకలు విరిగి, ఒళ్లు చితికి వచ్చినవాళ్లలో చాలామందికి కత్తెరలు నెమ్మదిస్తున్నాయి. అందరికీ కాదు. ఎందుకో ఇంకా నాకు తెలీదు. కత్తెరలే తగ్గుతున్నాయా, వాటి నోరు కట్టేసేదేదో రక్తంలోకి వస్తోందా... రెండూనేమో. కానీ గొలుసు మామూలు కంటే ఎక్కువసేపు నిలుస్తోంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఈ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. నవ్వకండి."

డిటెక్టివ్‌కి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన రక్తాన్ని మరకగానే చూశాడు. నేల మీద మరక, చొక్కా మీద మరక, ఎవరిది, ఎప్పటిది, అంతే. ఆ మరక లోపల ఇంత పని జరుగుతోందని, మనిషి స్పృహలో లేకపోయినా రక్తానికి దెబ్బ సంగతి తెలుస్తోందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. తన ముంజేతి మీద ఉబ్బిన నీలి నరాన్ని కొత్తగా చూసుకున్నాడు.

"అంటే చితికిన మనిషి కోసం రక్తం తన మందు తనే దాచిపెడుతోందన్నమాట" అన్నాడు మెల్లగా.

"దాచిపెడుతోందని నేను రాయలేను. నెమ్మదిగా తెగుతోందని రాస్తాను. దానివల్ల నొప్పి తగ్గుతుందని కూడా రాయలేను. నేను చూసిందే చెబుతాను." డాక్టరమ్మ రెండు పల్చటి కాగితాలు తీసింది. "ఆ రోజు నాకు పది ట్యూబులొచ్చాయి. అందరూ ఆరోగ్యవంతులే, పోల్చి చూడటానికి. తొమ్మిది గీతలు ఒకేలా పడిపోయాయి. పదోది పడలేదు. ఇదిగో, ఇలా చదునుగా సాగింది. మూడుసార్లు చేశాను. ట్యూబే పాడైందనుకుని కొట్టేశాను."

"రెండో కాగితం ఎవరిది?"

"నిన్న ఐసీయూ నుంచి వచ్చిన ఏడో నంబరు గాయం. పేర్లు నాకు తెలియవు. తెలియకూడదు. నాకు అంకెలే వస్తాయి, పేర్ల పట్టీ కింద మెత్తచెయ్యి దగ్గరే ఉంటుంది. ఎవరిదో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, అందుకని ఆ పద్ధతి."

డిటెక్టివ్ రెండు కాగితాలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. రెండు గీతలూ కలిసిపోయాయి.

"ఆ పట్టీ నేను చూశానమ్మా. పదో నంబరు మెకానిక్. ఏడో నంబరూ మెకానికే."

డాక్టరమ్మ చేతిలో కలం జారి బల్ల కిందికి దొర్లిపోయింది. దాన్ని తీద్దామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

"ఈ వయసులో ఐదంతస్తులు ఎక్కడం అవసరమా, అన్నయ్యా?" అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌కి స్వయానా తోడల్లుడు. అక్కని ఈయన చేసుకుంటే చెల్లెల్ని ఆయన చేసుకున్నాడు. ఇద్దరల్లుళ్లలో ఎవరు తెలివైనవాడన్న మాట అత్తగారు పదహారేళ్లుగా తేల్చకుండా ఊరిస్తూనే ఉంది. యూనిఫాం ఉన్నవాడు కాబట్టి చిన్నల్లుడి వైపే మొగ్గుతోందని పెద్దల్లుడి అనుమానం.

"రా తమ్ముడూ. నీ గురించే అనుకుంటున్నాం. పది పదిహేను ట్యూబులో ఉన్నది మెకానిక్ రక్తమేనని నువ్వు పరీక్ష చేయించావటగా?"

"చేయించాను. నూటికి నూరుపాళ్లు అతనిదే. రాతపూర్వకంగా ఉంది. ఆ ట్యూబు మారిపోయిందని కథ అల్లుదామనుకుంటే పప్పులో కాలేసినట్టే."

"అల్లను. నీ కాగితం నాకు చాలా అవసరం. ఆ రక్తం మెకానిక్‌దేనని నువ్వు తేల్చావు. ఆ రక్తం అప్పటికే చితికిన మనిషిదని ఈ అమ్మ గీత చెబుతోంది. రెండూ కలిపి చూడు. ఆ ట్యూబు నింపేటప్పటికి అతనికి దెబ్బ తగిలే ఉంది."

ఇన్‌స్పెక్టర్ కాగితాల వైపు చూశాడు. మీసం కింద పెదవి కొంచెం వంకర తిరిగింది. "ఏంటిది? గీతలా? రెండింటికి నేను జడ్జిగారి ముందు నిలబడి, అయ్యా, రక్తంలో కత్తెరలు మొద్దుబారాయి, ముద్దాయిని వదిలెయ్యండి అనాలా? డాక్టరుగారూ, ఈ గీత మీద ప్రమాణం చేస్తారా?"

"చెయ్యను" అంది డాక్టరమ్మ కుండ బద్దలు కొట్టినట్టు. "ఒక్క గీత చూసి ఎవర్నీ లోపల వెయ్యకండి. ఎవర్నీ వదలకండి కూడా. వేరే ఆధారం వెతకండి."

"విన్నావుగా అన్నయ్యా!"

"విన్నాను. సరిగ్గా అదే మాట నువ్వూ విను." డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. "ఒంటిగంట పది. గుంతకి సీలు వేసింది నువ్వు. తీసి నాతో దిగు. పావుగంటలో ఏమీ దొరక్కపోతే ఆదివారం అత్తగారింట్లో అందరి ముందూ నువ్వే తెలివైనవాడివని ఒప్పేసుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆలోచించాడు. పదహారేళ్ల ఆశ అది. "పద" అన్నాడు.

గుంత రెండు నిలువుల లోతుంటుంది. ఇనప నిచ్చెన మీద ముందు ఇన్‌స్పెక్టర్, వెనక డిటెక్టివ్ దిగారు. టార్చి వెలుగులో గ్రీజు, దుమ్ము, ఎండి నల్లబడిన రక్తం. ఒక గోడ పక్కన ఇనప దిమ్మ. దానికి ఎదురుగా, ఏడెనిమిది అడుగుల దూరంలో, రెండో గోడకి ఎర్ర బటను. అది నొక్కితే లిఫ్టు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు అది నొక్కి ఉంది.

"లిఫ్టు డబ్బా ఎక్కడాగి ఉంది?" అడిగాడు డిటెక్టివ్.

"ఐదో అంతస్తులో. ఎలక్ట్రీషియన్ పైకి పంపి, ఆపేశాడు."

"ఈ బటనుతోనా? స్విచ్ వేసినవాడు పైన, బటను ఇక్కడ. కిందికి దిగి నొక్కి, మళ్లీ పైకెక్కాడా?"

ఇన్‌స్పెక్టర్ బటను వైపు వంగి చూశాడు. డిటెక్టివ్ టార్చిని నేలకి దగ్గరగా పట్టాడు. దిమ్మ దగ్గర్నుంచి బటను దాకా నేల మీద రక్తపు అరచేతి గుర్తులున్నాయి. తొమ్మిది. అన్నీ కుడిచేతివే. వాటి పక్కనే ఒక వెడల్పాటి చార, ఈడ్చుకుంటూ వెళ్లిన కాలిది. చివరి గుర్తు గోడ మీద, బటనుకి జానెడు కింద ఉంది. ఆ తర్వాత బటను మీద ఒక్క బొటనవేలి ముద్ర.

"తొడ విరిగింది, పక్కటెముకలు విరిగాయి. అయినా ఇంతదూరం పాకాడు" అన్నాడు డిటెక్టివ్. "డబ్బా పైనుంది. ఎవరైనా కిందికి పిలిస్తే తన మీదికే దిగుతుందని అతనికి తెలుసు. పాకి, లేచి, నొక్కాడు. తర్వాత పనిముట్ల బెల్టు విప్పి తొడకి బిగించుకున్నాడు. ఆ బెల్టుతోనే పైకి తెచ్చారని నర్సమ్మ చెప్పింది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. ఇంత చిన్న గుంతలో, ఇంత గ్రీజులో, ఒక మనిషి ఇంత పని చేశాడన్న ఆశ్చర్యం ముందు వాళ్ల పోటీ వాళ్లకే సిగ్గనిపించింది.

"ఆ గొలుసు వల్లేనంటావా, అన్నయ్యా?"

"డాక్టరమ్మే చెప్పలేనంది. నేనెవర్ని చెప్పడానికి?"

బటను కింద, మనిషి ఆనుకుని కూర్చున్న చోట గ్రీజు అణిగి ఉంది. డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని పెన్నుతో ఆ గ్రీజు కదిపాడు. వేలెడంత లేని ప్లాస్టిక్ తొడుగొకటి బయటపడింది. సూది మీద ఉండే తొడుగు. దాని పక్కనే ఒక చిన్న దూది ఉండ, మధ్యలో ఎర్రటి చుక్క.

"ఎమర్జెన్సీ వాళ్లది పడి ఉంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్, అంత నమ్మకం లేకుండా.

"నీ నోట్సు చూడు."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పుస్తకం తీసి చదివాడు. "పదకొండు యాభై రెండుకి స్ట్రెచర్ మీద పైకి... పదకొండు యాభై ఎనిమిదికి ఎమర్జెన్సీ వార్డులో మొదటి సూది." చదివి ఆగిపోయాడు. పుస్తకంలోంచి తలెత్తలేదు. "గుంతలో ఎవరూ సూది వెయ్యలేదు."

"వెయ్యలేదు. తీశారు. పైన ఆయన గదిలో కుర్చీకి ఎడమపక్కనే పలకుంది, తమ్ముడూ. మిగతా తొమ్మిదిమందికీ ఎడమచెయ్యే. మెకానిక్‌కి ఒక్కడికే కుడిచెయ్యి అన్నాడు. ఎందుకంటే తీసేవేళకి ఎడమ భుజం నుజ్జయి ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి డిటెక్టివ్ చేతిలో పెట్టాడు. ఇద్దరి మధ్యా అది మొదటిసారి. డిటెక్టివ్ ఐదో అంతస్తుకి ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, ఆ రోజు మొదటి తొమ్మిది ట్యూబులూ మీకు ఎన్నింటికి చేరాయి?"

కాగితాల చప్పుడు. "ఎనిమిది ఇరవై తొమ్మిది. చివరిది తీసింది ఎనిమిది ఇరవైకి. ఐసులోనే ఉన్నా ఆలస్యమైతే కత్తెరలు పని మొదలుపెట్టేస్తాయి, అందుకని చివరిది తీశాక పది నిమిషాలు దాటితే నేను పారేస్తాను. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. ముందు వారం రెండుసార్లు పారేశాను. కాస్త గట్టిగానే అన్నాను."

"ఎలా తెచ్చాడు? మెట్లెక్కా?"

"మెత్తచెయ్యా? ఆ మోకాలితోనా? లిఫ్టు పని చెయ్యకపోతే ఫోన్ చేస్తాడు, నేనే దిగి తెచ్చుకుంటాను."

"ఆ రోజు ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాడా?"

"లేదు. తనే తెచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. పదో ట్యూబుకి మాత్రం చేశాడు, పది ఇరవైకి. నేనే వెళ్లి తెచ్చుకున్నాను... అయ్యో."

అంతా ఆ తొమ్మిది నిమిషాల్లోనే ఉంది. డబ్బాలో ఐసు కరుగుతోంది. పక్కనే లిఫ్టు, స్విచ్చు మీద ఎర్ర చెక్క. మళ్లీ పారేస్తారేమోనన్న భయం. చెక్క తీశాడు, స్విచ్ వేశాడు, ఐదో అంతస్తుకి వెళ్లాడు. కింద దిమ్మ దిగింది. తిరిగి ఎక్కితే లిఫ్టు కదలలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగి, చెక్కని మళ్లీ స్విచ్చుకి తగిలించాడు. ఎప్పటికో గుంతలోకి తొంగి చూశాడు. తను చేసిన పని అప్పుడు తెలిసి భయపడ్డాడు. పట్టీలో పదో పేరు మెకానిక్‌దే. పది పదిహేనుకి అతని రక్తం తీసినట్టుంటే, ఎనిమిదిన్నరకి తను లిఫ్టు ఎక్కిన సంగతి ఎవరికీ పట్టదు. రక్తం ఎవరిదైనా రక్తమే కదా అనుకుని, ఆ మోకాలితోనే నిచ్చెన దిగాడు. నాలుగేళ్లు ట్యూబులు మోసినవాడు వాటిలో ఏం కొలుస్తున్నారో ఒక్కసారీ అడగలేదు.

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"ఐసీయూకి వెళుతున్నానని ఇందాకే ఫోన్ చేశాడు, ఏడో నంబరు రక్తం తీయడానికి... కానీ ఏడో నంబరుది రోజు విడిచి రోజు. నిన్ననే తీశారు. ఇవాళ లేదే!"

రెండింటికల్లా మాట్లాడొచ్చట అన్న నర్సమ్మ మాట డిటెక్టివ్ చెవుల్లో గింగురుమంది. అప్పటికి ఒంటిగంట నలభై ఏడు.

నిచ్చెన ఎవరు ముందెక్కారో, మెట్ల మీద ఎవరు ఎవర్ని లాగారో తర్వాత ఇద్దరూ చెప్పలేకపోయారు. రెండో అంతస్తు తలుపు తోసుకుని లోపలికి వెళ్లేసరికి నర్సమ్మ పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. మెకానిక్ మంచం చుట్టూ తెర లాగి ఉంది. "మెత్తచెయ్యి బాబాయే, అన్నా, రక్తం తీస్తున్నా..." అంటూనే వాళ్ల మొహాలు చూసి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ తెర లాగేశాడు. మెత్తచెయ్యి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మెకానిక్ కుడిచెయ్యి ఆయన ఒళ్లో ఉంది. సిరంజి సూది నరానికి వెంట్రుక వాసిలో ఉంది. సిరంజి ఖాళీగా లేదు. అందులో నీళ్లలాంటిదేదో నిండా ఉంది.

"రక్తం తీసేవాడికి నిండు సిరంజితో పనేంటి?" అంటూ ఇన్‌స్పెక్టర్ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

ఆ చెయ్యి పెనుగులాడలేదు. సిరంజి పళ్లెంలో పడింది. వెనకే పరుగెత్తుకొచ్చిన డాక్టరమ్మ దాన్ని గుడ్డతో చుట్టి పక్కకి తీసింది. ఇన్‌స్పెక్టర్ మెత్తచెయ్యి కోటు జేబు తడిమాడు. తోలు పట్టీ ఉన్న పాత చేతి గడియారం బయటికొచ్చింది. అది ఇంకా సరైన సమయమే చూపిస్తోంది.

"ఐసు కరిగిపోతోందండీ" అన్నాడు మెత్తచెయ్యి ఎవరితోనూ కాదన్నట్టు. "చెక్క చూశాను. మర్చిపోయి వదిలేశాడేమో అనుకున్నాను. గడియారం చూడలేదు. అది కింద పడ్డాకే చూశాను... ముందే చూశానేమో కూడా. మూడు రోజులుగా అదే గుర్తు తెచ్చుకుంటున్నాను."

"రెండు గంటల తర్వాత గుంతలోకి దిగి, సూది గుచ్చి రక్తం తీశావు కదయ్యా! మనిషి బతికే ఉన్నాడు కదా!" అన్నాడు డిటెక్టివ్. "పైకి ఒక్క కేక వేస్తే సరిపోయేది."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి, "కోర్టుకి బయల్దేరిన జీపుని వెనక్కి తిప్పండి. ఎలక్ట్రీషియన్‌ని దింపెయ్యండి" అన్నాడు. పక్క మంచం దగ్గర నర్సమ్మ కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మంచం మీద కదలిక వినిపించింది. మెకానిక్ కళ్లు తెరిచి ఉన్నాయి. ఎంతసేపట్నుంచి తెరిచి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆ చూపు నేరుగా మెత్తచెయ్యి మీద ఆగింది. అందులో కోపం లేదు. అర్థంకాని విషయం ఏదో అడగాలన్నట్టుంది.

నర్సమ్మ లేచి వెళ్లి అతని పెదవులు తడిపింది. "అన్నా, గుంతలో నీ దగ్గరికి ఈయన వచ్చాడా? గుర్తుందా?"

"గుర్తుంది" అన్నాడు మెకానిక్. ఒక్కో మాటకీ పక్కటెముకలు ఆగమంటున్నాయి. "బాబాయి నిచ్చెన దిగుతుంటే చూశాను. హమ్మయ్య అనుకున్నాను. సూది గుచ్చాడట కదా... అది తెలీనే లేదు." అతను ఊపిరి కూడదీసుకున్నాడు. "పైకి లాగడానికొచ్చాడనుకుని చెయ్యి నేనే చాపాను."